దానమ్మ కాచిన గుమ్మం

రేపల్లెలో పరామర్శంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మంచమ్మీద కూర్చోవాలి, రోగి చెయ్యి పట్టుకోవాలి, మన దగ్గు మనం దగ్గాలి. లూథరన్ల పేటలో అయితే నెత్తిన చెయ్యేసి ప్రార్థన కూడా. గుమ్మంలోనే ఆపేస్తే ఏడు తరాలకి సరిపడా అవమానం.

తొంభై నాలుగులో తమ్ముడు అబ్రహాము మాస్టారికి తన కిడ్నీ ఇచ్చి, మద్రాసు నుంచి తీసుకొచ్చిన దానమ్మ సరిగ్గా ఆ పాపమే చేసింది. డాక్టరు చెప్పింది ఆమెకి బాగా ఎక్కింది. కొత్త కిడ్నీ మీదికి ఒళ్ళు తిరగబడకుండా మందులిచ్చారు. కాపలా కుక్కకి మత్తు పెట్టినట్టే. ఇక రోగాలనే దొంగలు కూడా హాయిగా రావచ్చు.

"కిడ్నీ ఇచ్చిందిగా, మనిషి మొత్తం తన సొత్తే అనుకుంటోంది," అంది తెనాలి నుంచి బత్తాయిలతో, జలుబుతో వచ్చిన రాజమ్మత్త.

"బత్తాయిలు ఇటివ్వండత్తయ్యా. జలుబు మీరే ఉంచుకోండి," అంది దానమ్మ.

అందర్నీ ఆపిన మహాతల్లి ఒక్కరి దగ్గర ఓడిపోయింది. అమ్మానాన్నా పోయాక అక్కాతమ్ముళ్ళని పెంచిన సుందరయ్య బాబాయి. రోజూ సాయంత్రం వచ్చి, మాస్టారి తల నిమిరి, కీర్తన పాడి, చరణానికీ చరణానికీ మధ్య దగ్గి వెళ్ళేవాడు. "చుట్ట దగ్గేనమ్మా," అనేవాడు. ఆయన చుట్ట మానేసి ఏడాదైందని పేటంతటికీ తెలుసు, దానమ్మకీ తెలుసు. పెంచిన మనిషిని పొమ్మనే నోరు ఆమెకి లేదు.

మాస్టారు చిక్కిపోయాడు. పెద్ద జ్వరమేం లేదు కాబట్టి పేట నిశ్చింతగా ఉంది. దానమ్మ ఉండలేక మద్రాసు తీసుకెళితే, జ్వరాన్ని కూడా కిడ్నీ కోసమిచ్చిన ఆ మందులే అణిచేస్తాయన్నారు. ఊపిరితిత్తుల్లో టీబీ. పరీక్ష చేయిస్తే బాబాయికీ అదే.

"ఆ మందులు తగ్గిస్తే కిడ్నీ పోవచ్చమ్మా. తగ్గించకపోతే మనిషే పోవచ్చు," అన్నాడు డాక్టరు.

దానమ్మ నడుం పక్కన కుట్ల మచ్చ తడుముకుంది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఎక్కువగా తన మీదే.

"తగ్గించండి సార్," అంది.

కిడ్నీ పోయింది. మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుంటూ మాస్టారు మిగిలాడు. పరామర్శకి మళ్ళీ కదిలారు జనం.

"అయ్యో, ఇచ్చిన కిడ్నీ బూడిదలో పోసిన పన్నీరైందే!" అంది రాజమ్మత్త.

"నేనిచ్చింది తమ్ముడి కోసమత్తయ్యా. తమ్ముడున్నాడు. అక్కణ్ణుంచే చూడండి."

టీబీ మాత్రల పొట్లంతో వచ్చిన సుందరయ్య బాబాయి గేటవతలే ఆగి కీర్తన ఎత్తుకున్నాడు. దానమ్మ గుమ్మంలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది గానీ, దారి మాత్రం ఇవ్వలేదు.