ఒంటిపూట బడి వద్దన్న పిల్ల

మార్చి వస్తే కడప పక్కన మా బడి ఉన్న ఊళ్ళో ఎండ నిప్పులు చెరుగుతుంది. ఒంటిపూట బడులని చెప్పగానే పిల్లలు బల్లలు చరిచి ఎగురుతారు. మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి వచ్చే నాలాంటి టీచరుకూ ప్రాణం లేచొస్తుంది.

ఆ ఏడు ఐదో తరగతి పిల్ల ఒకతె లేచి, సాయంత్రం దాకా బడి పెట్టమంది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎద్దు పుండు కాకికి నొప్పా!

మధ్యాహ్నం ఆ పిల్ల చెయ్యి కడుక్కుంటుంటే మోచేతి పైన బెల్టు వాతలు కనబడ్డాయి. అడిగితే చెప్పింది. నాయనకు బండల ఫ్యాక్టరీలో పని. ఎండాకాలం తెల్లవారుజామునే మొదలై పన్నెండుకే అయిపోతుంది. దోవలో తాగి, ఇంటికొచ్చి తల్లినీ పిల్లనూ కొడతాడు. సాయంత్రానికి నిద్రలో పడతాడు.

హెడ్మాస్టరు పిల్లల సంరక్షణ ఆఫీసుకు ఫోను చేశాడు. వాళ్ళొచ్చి ఆ మనిషిని గట్టిగానే మందలించారు. చేతులు కట్టుకుని అన్నిటికీ తలాడించాడు. నాలుగు రోజులకే పిల్ల చేతి మీద కొత్త వాత. ఛీ, ఏం బతుకులివి అనిపించింది.

ఇక చదువు చెబుతాననే సాకుతో మధ్యాహ్నాలు పిల్లను బడిలోనే నా దగ్గర ఉంచుకున్నాను. కుదురుగా కూర్చోదు, ఎంతసేపూ గేటు వైపే చూపు. ఒకనాడు ఓపిక చచ్చి కసిరాను.

"నేనీడుంటే మాయమ్మ ఒక్కతే ఉంటాది గదా మిస్," అంది.

ఉపాయం మా బడి వంటామె చెప్పింది. గిన్నెలు తోమడానికి మనిషి కావాలని, వాళ్ళింటికే పోయి ఆయప్ప ముందే అడిగింది. బడి పనంటే అతను కాదనలేకపోయాడు. తల్లి గిన్నెలు తోమి, వరండాలో కొంగు పరుచుకుని పడుకునేది. పక్కనే పిల్ల లెక్కలు చేసుకునేది. ఆ నెల అట్లా గడిచింది.

ఏప్రిల్ ఆఖరున, సెలవులకు ముందు, గదులకు తాళాలు వేస్తున్నాం. ఇంటికెళ్ళి పడుకుంటే చాలనిపిస్తోంది నాకు. పిల్ల వచ్చి, సెలవుల్లో తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగింది. హెడ్మాస్టరు గుత్తిలోంచి ఒకటి తీసి వంటామె చేతిలో పెట్టాడు. రోజూ మధ్యాహ్నం గది తెరిచి ఉంచమన్నాడు.

పిల్ల ఇంకా కదల్లేదు.

"ఆదివారం గూడా తీస్తారా సార్?"

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవని మాకప్పుడు గుర్తొచ్చింది.