వెనక నుంచి వెళ్లిన సిర

సార్ పోయారని సుబేదారిలో ఆయన పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. "పొద్దుగాల పాలు తీస్కోలే డాక్టర్ సాబ్, అనుమానమొచ్చి చూసినం" అంది. ఆయన భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. పాఠాలు చెప్పిన మెడికల్ కాలేజీకే తన దేహం ఇవ్వాలని రాసిపెట్టారు కాబట్టి చితీ లేదు, మందీ లేదు. వ్యాన్ వెనకాల నేనొక్కణ్నే వెళ్లాను.

సార్ మాకు అనాటమీ చెప్పారు. బల్ల మీది దేహాన్ని శవం అననిచ్చేవారు కాదు. "పెద్దమనిషి అనుండ్రి. ఒళ్లంత మీకు అప్పజెప్పిండు" అనేవారు. నీలం సుద్దముక్కతో కడుపులోని సిరలన్నీ బోర్డు మీద గీసి, సగం అరచేత్తో తుడిచేసేవారు. చొక్కా నిండా ఆ మరకలే. "పుస్తకంల బొమ్మ ఒకనిది. నీ ముంగట పండుకున్నోడు ఇంకొకడు. కనవడలేదంటే లేదని గాదు. కత్తి పక్కకు వెట్టు, వేలుతోని దేవులాడు."

ఆ మాట విలువ సర్జన్ అయ్యాక తెలిసింది. ఎడమ కిడ్నీ నుంచి వచ్చే పెద్ద సిర, నడుమ ఉన్న పెద్ద ధమనికి ముందు నుంచి దాటుతుంది. కొందరికి మాత్రం వెనక నుంచి పోతుంది. తెలియక కత్తెర తగిలిస్తే కడుపంతా నెత్తురు మడుగే. నెక్కొండ రైతు ఒకాయనకు ఆపరేషన్ చేస్తుంటే ఆ సిర ధమనికి ముందు కనబడలేదు. కత్తెర పక్కన పెట్టి, వేలు వెనక్కి పోనిచ్చాను. ఆయన ఇప్పటికీ మిరపకాయలు తెచ్చిస్తాడు.

కిందటేడు సార్‌కు కడుపునొప్పి వస్తే స్కాన్ తీయించాను. ఫిల్ము కిటికీ వెలుగులో పెట్టి చూసి పకపకా నవ్వారు. "మంది కడుపులల్ల దేవులాడితి గద, నాదే ఎన్కకెల్లి పోయిందిరా!" తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "రేపు నన్ను కోసే పోరగాండ్లకు చెప్పకు. వాళ్లే పట్టాలె. చూడకుండ తెగ్గోసిండ్రంటే, నేను చెప్పిన చదువంత వట్టిదే." మాటిచ్చాను.

ఆదివారం వస్తే ఆయనింట్లో చాయ్ తాగడం నాకలవాటు. చదివేవారు నవ్వినా సరే, ఇప్పటికీ బండి అటే తిరుగుతుంది. తాళం చూసి వచ్చేస్తాను. వెళ్లి కూర్చోవడానికి ఒక సమాధైనా లేదు. ఉన్నదల్లా సార్ దేహాన్ని ఉంచిన డిసెక్షన్ హాలు, అక్కడికి వెళ్లే ధైర్యం నాకు చాల్లేదు. సార్ లేక నాకు ఊరే ఖాళీగా ఉంది.

మొన్న అక్కడ పాఠం చెప్పే మా బ్యాచ్‌మేట్ ఫోన్ చేశాడు. "ఇయ్యాల సార్ దగ్గర కడుపు పాఠం. జర రారాదు."

వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. బల్ల చుట్టూ పిల్లలు, వాళ్ల నడుమ మా బ్యాచ్‌మేట్. కత్తి పట్టుకున్న అమ్మాయి బెదురుగా తలెత్తింది.

"సార్, ఈ పెద్దమనిషికి ఎడమ దిక్కు వెయిన్ ముంగట లేదు. మేమే కట్ చేసినమా?"

సంగతి బ్యాచ్‌మేట్‌కూ తెలియదు. నాకు నోటిదాకా వచ్చింది. మింగేసి బల్ల దగ్గరికి వెళ్లాను.

వాడు బల్ల మీదికి వంగి చూశాడు. "కనవడలేదంటే లేదని గాదమ్మా. కత్తి పక్కకు వెట్టు, వేలుతోని దేవులాడు."

అమ్మాయి కత్తి ట్రేలో పెట్టింది. వేలు మెల్లగా ధమని వెనక్కి పోయింది, ఆగింది.

"ఉన్నది సార్! ఎన్కకెల్లి పోయింది!"

దొరికింది సార్ అని చెప్పబోతూ ఆయన వైపు తిరిగాను. ముఖం మీద తెల్లగుడ్డ ఉంది. అమ్మాయి వేలు ఇంకా ఆ సిర కిందే ఉంది.