గోధుమల డబ్బాలో గుడ్డమూట

పటమటలో మా ఇంటి పై వాటా ఒక జర్మనీ ఆవిడకి అద్దెకిచ్చాం. తొంభైల చివర్లో మాట. గన్నవరం దగ్గర కాలవల పని చూసే ఇంజనీర్ల ఆఫీసులో ఆవిడకి ఉద్యోగం. ఇడ్లీ తినేది, గోంగూర తినేది, కళ్ళనీళ్ళు కారుతున్నా సరే ఆవకాయ వదిలేది కాదు. కానీ వాళ్ళ ముడి గోధుమ రొట్టె దొరక్క మాత్రం చిక్కి సగమైంది. బెజవాడలో ఆవిడ తిరగని బేకరీ లేదు. బ్రౌన్ బ్రెడ్ అని రాసి ఉన్నదల్లా కొని తెచ్చుకునేది, తుంచి చూసేది, "ఇది మైదా అండీ, రంగేశారు" అని ఏడుపు మొహం పెట్టేది.

నాకసలే నోరు ఊరుకోదు. "ఓస్, ఇంతేనా? నేను చేసిపెడతా" అనేశాను. ఎప్పుడో కేకుల కోసం కొన్న గుండ్రటి కరెంటు ఓవెన్ అటక మీద మూలుగుతోంది, దింపాను. ఆవిడ చెప్పడం, నేను చెయ్యడం. మొదటి మూడు రొట్టెలూ గోడకేసి కొడితే గోడ పగిలేలా వచ్చాయి. నాలుగోది నోట్లో పెట్టుకుని ఆవిడ వెంటనే ఇంకో ముక్క తుంచుకుంది. తర్వాత "మా అమ్మ చేసినట్టుంది" అంది. ఇంక నన్ను పట్టేవాళ్ళేరీ! వారానికో రొట్టె. మా ఇంట్లో మాత్రం ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. "జల్లించకుండా పొట్టుతో తినడమేమిటే, గేదెలా?" అనేది మా అత్తయ్య.

గోధుమల పెత్తనం అత్తయ్యదే. ఏడాదికి సరిపడా ఒక్కసారే కొని, పెద్ద రేకు డబ్బాలో పోసి, మర పట్టించాల్సి వచ్చినప్పుడల్లా తనే తీసి, కడిగి, డాబా మీద ఎండబెట్టి ఇచ్చేది. ఆ వారం అత్తయ్య ఉయ్యూరులో వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ముసురు పట్టి నాలుగు రోజులుగా సూర్యుడి మొహం చూసినవాళ్ళు లేరు. కడిగితే ఆరేదెప్పుడు? ఎలాగూ జల్లించేది లేదుగా, ఈసారికి కడగకుండానే మరకిద్దాం అనుకున్నాను.

డబ్బాలో అడుగున చెయ్యి పెడితే గుడ్డమూట తగిలింది. చిరిగిపోయి, అందులోంచి బూడిద రంగు పొడి గింజల్లో రాలి ఉంది. బియ్యం డబ్బాలో పసుపుకుంకుమలూ అక్షింతలూ వెయ్యడం మా ఇంట్లో మామూలే. ఇది ఏ కొండ మీదదో విభూతి అయ్యుంటుంది, ధాన్యం వృద్ధి కావాలని అత్తయ్య వేసుంటుంది అనుకున్నాను. కళ్ళకద్దుకుని, చిటికెడు నుదుట పెట్టుకున్నాను. పైగా దేవుడి ప్రసాదం పారెయ్యకూడదని, కాస్త దేవుడి గూట్లో పెట్టి, మిగతాది గింజల్లోనే కలిపేసి మరకి పంపించాను. ఎంత భక్తో చూడండి నాకు!

మర్నాడు ఉదయం రొట్టె చేశాను. ఇంకా వేడిగా ఉండగానే ఆవిడ నాలుగు ముక్కలు కోసుకుని, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకెళ్ళింది. నేను స్నానం చేసి, గూట్లోంచి ఆ విభూతే మళ్ళీ కాస్త పెట్టుకున్నాను. పదకొండున్నరకి అత్తయ్య ఉయ్యూరు బస్సు దిగి వచ్చింది. వస్తూనే డబ్బా మూత తీసి చూసి, "ఏమే, ఇందులో బిళ్ళల మూట ఎక్కడ పెట్టావు?" అంది.

"ఏం బిళ్ళలు?"

"పురుగుల బిళ్ళలే. చెల్లెలు వాళ్ళ మినుముల గోతాల్లో పెట్టేవి. పురుగు పట్టకుండా రెండు తెచ్చి, గుడ్డలో కట్టి వేశాను. ఈపాటికి పొడైపోయి ఉంటాయి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ బిళ్ళలంటే ఏమిటో మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. అవి మింగిన రైతులు ఆసుపత్రి దాకా కూడా చేరని కథలు ఊరికొకటి ఉన్నాయి. ఆఫీసుకి ఫోన్ చేస్తే వానకి లైను లేదు. మావారు ఆ పూట ఇంట్లోనే ఉన్నారు. ఆయన గొంతు తగ్గించి, "తొందరపడకు. ఆవిడ తినే ఉండదు. తిన్నా ఏమీ కాకపోవచ్చు. ఫారిన్ మనిషి, పోలీసులంటారు, ఎంబసీ అంటారు. నోరు విప్పితే మన మెడకే" అన్నారు. నేను ఆయన మాట వినకుండా ఆటో ఎక్కేశాను.

వినకుండా అన్నానా? ఆటో ఎక్కేటప్పుడు వినలేదు. రామవరప్పాడు దాటాక ఆ మాటలు చెవిలో మోగడం మొదలెట్టాయి. పోలీసులు. అత్తయ్యని తీసుకెళ్తారా, నన్నా? పిల్లలు? ఆవిడకేమన్నా అయినా మా వల్లేనని ఎవరికి తెలుస్తుంది, స్వామీ, తెలియకుండా చెయ్యి అని మొక్కుకున్నాను. నిజంగానే మొక్కుకున్నాను. "బాబూ, వెనక్కి తిప్పు" అన్నాను డ్రైవరుతో. అతను నన్ను వింతగా చూసి తిప్పాడు.

ఆటోలోకి జల్లు కొడుతోంది. నుదుటి మీద నీళ్ళు కారి పెదాల మీదకొచ్చాయి, బూడిద రుచి తగిలింది. థూ థూ అని ఊసేశాను. చీర కొంగుతో నాలిక తుడుచుకున్నాను, మళ్ళీ తుడుచుకున్నాను. పెదానికి అంటితేనే చస్తానని ఇంత భయపడుతున్నానే, అక్కడ ఆవిడ నమలబోతోంది కదే పాపిష్టిదానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పటికి మా వీధి మలుపు దాకా వచ్చేశాం. మళ్ళీ గన్నవరం పోనియ్యమన్నాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి ఆవిడ బల్ల ముందు కూర్చుని ఉంది. డబ్బా మూత తీసుంది. ఒక ముక్క లేదు, రెండోది చేతిలో ఉంది. లాగి పారేశాను. "తినద్దండీ, విషం, విషం!" అని అరిచాను. ఆవిడ మొహం తెల్లకాగితమైపోయింది. "ఇప్పుడే తిన్నాను, ఐదు నిమిషాలు కూడా కాలేదు" అంది.

ఆఫీసు జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేను డాక్టరుగారికి మూట సంగతి, పొడి సంగతి, కడగకపోవడం అన్నీ చెప్పేశాను. కడుపు కడిగారు. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. నేను మంచం కోడు పట్టుకుని కదల్లేదు. మర్నాడు పొద్దున డాక్టరుగారు, "పాత బిళ్ళలు, గాలికి బలం పోయింది. అదృష్టవంతురాలు" అని ఇంటికి పంపారు.

ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మా అత్తయ్య కాళ్ళావేళ్ళా పడుతుంటే ఆవిడే ఓదార్చింది. మళ్ళీ రొట్టె కూడా చెయ్యమంది, చేశాను. రెండేళ్ళ తర్వాత వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, వీధి వీధంతా ఉండగా నా చెయ్యి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో చెప్పింది.

"ఈ అక్కగారు కరెక్ట్ టైముకి వచ్చారండీ. లేకపోతే నేను రెండో ముక్క కూడా తినేదాన్ని."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేనూ నవ్వాను. ఆటో వెనక్కి తిప్పించకపోతే ఆవిడ తినకుండానే ఉండే ఆ మొదటి ముక్క సంగతి ఇవాళ్టి దాకా ఎవరికీ చెప్పలేదు.