మాటల డాక్టరమ్మ కసి

ఆసుపత్రి మేడమీద చివరి గది ఆమెది. మందులివ్వదు, సూది వెయ్యదు, మనిషిని మాట్లాడించి పంపుతుంది కాబట్టి అందరూ ఆమెను మాటల డాక్టరమ్మ అనేవారు. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే తొందరపడి ఓదార్చకుండా కూర్చోవడం ఆమెకు చదువు వల్ల వచ్చింది. కసి తమ్ముడి వల్ల వచ్చింది.

తమ్ముడికి నత్తి. బళ్లో హెడ్‌మాస్టరు రోజూ ప్రార్థన వేళ వాణ్ణి అందరి ముందు నిలబెట్టి పాఠం చదివించేవాడు. పిల్లలు పగలబడి నవ్వేవారు.

"నవ్వనీరా. సిగ్గేస్తేనే నీ నాలుక తిరుగుతుంది" అనేవాడాయన.

వాడు బడి మానేశాడు. ఇప్పుడు గోదాములో మూటలు మోస్తాడు. ఇంట్లో ఫోను మోగితే అక్క చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటాడు.

ఒకరోజు ఆ హెడ్‌మాస్టరే వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు. ఆమెను గుర్తుపట్టలేదు. పదవీ విరమణ సభలో చెమటలు పట్టి, మాట రాక వేదిక దిగిపోయాడట. అప్పట్నుంచీ నలుగురి ముందు గొంతు పెగలడం లేదు. పాత విద్యార్థులు ఆయన పేర బళ్లో గ్రంథాలయం కట్టించారు. దాని ప్రారంభానికి ఆయన మాట్లాడాలి.

"ఆ రోజు నాలుగు ముక్కలు మాట్లాడితే చాలమ్మా. ఆ తర్వాత నేనేమైపోయినా ఫర్వాలేదు."

తనతో ఇలాంటి పాత లెక్క ఉన్న మనిషిని వేరే వైద్యుల దగ్గరికి పంపాలి. ఆమె పంపలేదు.

వైద్యం మాత్రం నేర్చుకున్నట్టే చేసింది. భయపడే పనిని కొంచెం కొంచెంగా చేయించాలి. మొదట ఆయన గోడకు చదివి వినిపించాడు. తర్వాత ఆయాకు.

"మా మేక నయం మాస్టారూ, అదైనా గట్టిగా అరుస్తుంది" అంది ఆయా.

ఆయన నవ్వేశాడు. వారం వారం గొంతు తెరుచుకుంటోంది. డాక్టరమ్మకు కడుపు మండింది.

ఈ పద్ధతికి ప్రాణం ఒక్కచోట ఉంది. భయం తలకెక్కినప్పుడు మనిషిని అక్కడే నిలబడనివ్వాలి. కాసేపటికి అదే దిగుతుంది, దిగుతుందని ఒంటికి తెలుస్తుంది. మధ్యలో తప్పించామా, పారిపోతేనే బతుకుతానని ఒళ్లు నేర్చుకుంటుంది. ఆ తర్వాత భయం మునుపటికంటే గట్టిపడుతుంది.

చివరి మెట్టు, కింద రోగులు కూర్చునే హాల్లో చదవడం. జనం కిటకిటలాడుతున్నారు. ఆయన మొదట బాగానే చదివాడు. అంతలో ఒక మాట దగ్గర తడబడి ఆగిపోయాడు. ముందు వరుసలో ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. పాలిపోయిన ముఖంతో ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు.

కాస్త ఓపిక పట్టండి, దిగిపోతుంది అనాలి. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. ఫోను అందించి తల దించుకునే తమ్ముడు కళ్లముందు మెదిలాడు.

ఆమె వెళ్లి ఎంతో మెత్తగా ఆయన భుజం పట్టుకుంది.

"చాల్లెండి మాస్టారూ. ఈ వయసులో ఎందుకీ అవస్థ? రండి, కూర్చుందురుగాని."

ఆయన కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"నీది మంచి మనసు తల్లీ. ఆ సభకు రాలేనని చెప్పేస్తాను. ఇక నావల్ల కాదు."

"మీ ఇష్టం మాస్టారూ."

ఆయా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అదేంటమ్మా? మొన్న ఆయన చదవలేక ఆగిపోతే నేను పోనీలెండి అన్నందుకు నన్ను కసిరారుగా."

"పెద్దాయన కదా, పాపం" అంది డాక్టరమ్మ.

ఆయన గుమ్మం పట్టుకుని, గోడ పట్టుకుని వీధిలోకి దిగాడు. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి, ఆయన మలుపు తిరిగేదాకా తృప్తిగా చూసింది.