మాస్టారి రెజిమెంటు

పెండిల్ హిల్‌లో మా పక్కింటి మాస్టారు మొన్న గురువారం పొద్దున కన్నుమూశారు. ఆ కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. ఆయన పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లలేదని గుర్తొచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు చెప్పుకోవలసిన మాట కాదిది. కానీ ఆయన గురించి అబద్ధంతో మొదలుపెట్టలేను.

తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరై, పదేళ్ల కిందట ఈ దేశంలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. అమెరికా అంతర్యుద్ధమంటే నాకు పిచ్చి. ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలు కొంటూనే ఉన్నాను, ఏదో ఒకటి రాస్తానంటూనే ఉన్నాను. ఒకరోజు ఫెన్సు మీంచి ఆయనకొక పుస్తకం అందించాను. ఉత్తరాది పక్షాన పోరాడిన ఒక వాలంటీరు పదాతి దళం చరిత్ర అది. ఆయన యుద్ధాలన్నీ వదిలేసి, చివర్లో ఉన్న సైనికుల పేర్ల పట్టీలు చదివారు.

"ఇది హాజరుపట్టీ కదండీ ఇంజినీరుగారూ. హాజరు వేయడం మనకొచ్చిన పనే," అన్నారు.

అంతే, ఆ దళం చరిత్ర తెలుగులో రాయడం మొదలుపెట్టారు. కాఫీ తాగి, పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకుని రోజుకొక పేజీ. ఎవరు ఏ ఊరినుంచి చేరారో, ఎవరు ఏ జ్వరంతో పోయారో. నెలకోసారి ఇక్కడి తెలుగువాళ్లం కూడినప్పుడు చదివితే ఎవరూ కదిలేవారు కాదు.

"వాలంటీర్లంటే మనూళ్లో ఇంటింటికీ పింఛన్లు తెచ్చేవాళ్లలాగానా, అంకుల్?" అని ఎవరో అడిగారు.

"వీళ్లూ అలాంటి కుర్రాళ్లేనమ్మా. చేతికి తుపాకులిచ్చారు," అన్నారాయన.

అందరూ నవ్వారు. నేను కుళ్లుకుని చచ్చాను. పుస్తకం నేనిచ్చిందే, చప్పట్లు మాత్రం ఆయనకి. ముప్ఫై ఏళ్లు జనరళ్ల పేర్లు బట్టీపట్టిన నాకు, ఆ యుద్ధంలో మనుషులున్నారని చూపించింది ఆయనేనని అప్పుడు ఒప్పుకోలేకపోయాను.

అన్నిటికన్నా పేరొచ్చింది ఒక పేరాకి. చేరినవాళ్ల పట్టీలో మార్టిన్ అలెన్, ఆసుపత్రి పట్టీలో అలెన్ మార్టిన్. ఒకే ఊరు, ఒకే ఈడు, ఇద్దరూ వడ్రంగులే. అలెన్ మార్టిన్ జ్వరంతో పోయాడు. మార్టిన్ అలెన్ పేరు మళ్లీ ఎక్కడా లేదు. స్నేహితుణ్ణి తన చేతులతోనే పూడ్చిపెట్టి, ఆ బాధతో ఇంటిదారి పట్టి ఉంటాడని రాశారు మాస్టారు.

నేను ఇంటికెళ్లి నా దగ్గరున్న ఇంకో ప్రతిలో ఆ పట్టీలు తిరగేశాను. ఇద్దరు కాదు, ఒక్కడే. ఆసుపత్రివాళ్లు అలెన్ అనే ఇంటిపేరు ముందు రాసి కామా పెట్టారు. మనకి ఇంటిపేరు ఎప్పుడూ ముందే, కామా పెట్టే అలవాటు లేదు. అందుకే అది ఆయన కంటికి ఆనలేదు. నేను చెప్పలేదు. అచ్చయ్యాక ఎవరైనా ఎత్తిచూపితే ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను.

నిన్న మాస్టారి భార్య రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అన్నయ్యగారూ, మీరు చూడందే ప్రింటింగ్‌కి ఇవ్వద్దన్నారండి. తప్పుంటే మొహమాటపడకుండా చెప్పే మనిషి మీరొక్కరేనంట."

పొద్దుటినుంచీ పెన్సిలు పట్టుకుని ఆ పేజీ ముందే కూర్చున్నాను. నేనింకో ముప్ఫై ఏళ్లు కూర్చున్నా అలాంటి పేరా రాయలేను. కొట్టేయాలనిపిస్తున్నది నిజం కోసమో, కుళ్లుతోనో నాకే తేలలేదు. మధ్యాహ్నానికి కొట్టేశాను.

ఇప్పుడా పేజీలో జ్వరంతో పోయిన వడ్రంగి ఒక్కడే ఉన్నాడు. అతన్ని పూడ్చిపెట్టడానికి ఎవరూ లేరు.