ఎనిమిది చుక్కల తర్వాత

మామయ్య పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను నాచారంలో ఇంట్లో టిఫిన్ తింటున్నాను. "మామ పోయిండురా. నిద్రలనే పోయిండు," అంది. నేను ఉప్పల్ చేరేసరికి ముందు గదిలో, అక్వేరియం పక్కనే ఆయన్ని పడుకోబెట్టారు. వచ్చినవాళ్లంతా గుండె జబ్బు గురించే మాట్లాడారు. అక్వేరియం గురించి ఒక్కరూ అడగలేదు. బతికిపోయాను అనుకున్నాను, సిగ్గులేకుండా.

మామయ్య మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేసి రిటైరయ్యాడు. తర్వాత రెండడుగుల ట్యాంకులో ఉప్పునీళ్లు కలిపి, గోరంత పగడం ముక్కను రాయికి అంటించాడు. హైదరాబాద్‌లో సముద్రమేందని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. తొమ్మిదేళ్లకు అది అరచేయంత ఊదారంగు గుబురైంది. పగడం రాయి కాదు, ప్రాణి. నీళ్లలోంచి కాల్షియం, సోడా తీసుకుని తన ఎముకలు తానే కట్టుకుంటుంది. అది తీసుకున్నంతా మనం రోజూ తిరిగి పోయాలి.

పొద్దున చాయ్ కంటే ముందే ఆయన చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్లు పట్టి, పరీక్ష మందు చుక్కచుక్కగా వేసేవాడు. నీళ్లు మొదట నీలంగా మారతాయి. ఎన్ని చుక్కలకు పసుపు రంగుకు తిరిగితే సోడా లెక్క అంత. పైకే లెక్కపెట్టేవాడు. ఎనిమిదికి పసుపు వస్తే "సల్లగుండు బిడ్డా" అని పగడం వైపు చూసేవాడు. "ముందుగాల నీళ్లనడుగు. ఆ తర్వాతనే పొయ్యాలె," అనేవాడు. పప్పులో ఉప్పు వేస్తుంటే అత్తకూ అదే పాఠం. "నన్నడుగు జర, చెప్త," అని ఆమె గరిటె చూపించేది.

మొన్న ఎండాకాలం గుండెకు స్టెంట్ వేయాలని దవాఖానాలో చేరాడు. అత్త తోడు వెళ్లింది. తాళంచెవి నాకిచ్చాడు. "రోజూ పది ఎమ్మెల్ సోడా నీళ్లు, సిరంజితోనే. ఒకరోజు తప్పినా ఫికర్ లేదు అల్లుడా. గానీ తప్పినదంతా ఒక్కపారే పొయ్యకు, అది ఓర్వదు."

నాచారం నుంచి ఉప్పల్ ఎంత దూరం? స్టేడియంలో మ్యాచ్ ఉంది, ట్రాఫిక్ అని ఒకరోజు, ఎండ అని ఒకరోజు ఎగ్గొట్టాను. అలా ఐదు రోజులు. రేపు డిశ్చార్జ్ అని తెలియగానే పరుగెత్తాను. నీళ్లను అడగలేదు. సిరంజి పక్కనపెట్టి సోడా నీళ్లు సీసాతోనే పోశాను. ఆయన వచ్చి చూస్తే లెక్క తక్కువ రాకూడదన్నదే నా భయం.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చేసరికి ఊదారంగు పొర పీలికలుగా ఊడిపోయి తెల్లటి ఎముక మిగిలింది.

"కరెంటు పోయింది మామా, మస్తు సేపు," అన్నాను.

ఆయన చెప్పులు కూడా విప్పకుండా గొట్టం తీశాడు. ఒకటి, రెండు అంటూ పైకే లెక్కపెట్టాడు. ఎనిమిదికీ నీలమే. అక్కడ నోరు ఆగిపోయింది, చుక్కలు మాత్రం ఆగలేదు. మిగతావి నేను లోపల లెక్కపెట్టుకున్నాను. పదమూడు.

"అవునురా. కరెంటు పోతే గట్లనే అయితది," అని గొట్టం కడిగిపెట్టాడు. అత్త నావైపు చూస్తే, "పోరడేం జేస్తడే, కరెంటుకు," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత రెండు నెలలు బతికాడు. వెళ్లినప్పుడల్లా చాయ్ తాగాను, ఈసారి చెబుదాం అనుకున్నాను, చెప్పకుండానే వచ్చాను. అవీ ఎగ్గొట్టిన రోజులే. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి అంతా ఒక్కసారే మీ ముందు పోస్తున్నాను. ఇది కూడా ఆయన వద్దన్న పద్ధతే.

ట్యాంకులో ఇంకా రెండు చేపలున్నాయి. "అవి సచ్చిపోతయిరా, జర సూడు," అంది అత్త. ఇప్పుడు రోజూ పొద్దున వెళ్తున్నాను, ఒక్కరోజు తప్పలేదు. సోడా తీసుకునే పగడం లేదు కనుక లెక్క పదమూడు నుంచి దిగడం లేదు. ఎనిమిది దాకా పైకే లెక్కపెడతాను. వంటింట్లో అత్త గిన్నెల చప్పుడు ఆపి వింటుంది. గొట్టంలో నీళ్లు నీలంగానే ఉంటాయి.