కదలని మనిషి

ఏ గదిలోంచి బయటికొచ్చినా హల్డా పికెట్ చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది. మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెటర్ తొడుక్కుని, ఏటా చలికాలంలో అమెరికాలోని ఇండియానా రాష్ట్ర శాసనసభకు వస్తుంది క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన ఈ ముసలావిడ. అద్దె ఇళ్ల గోడల్లోంచి వేడి బయటికి పోకుండా ఇంటి యజమానులే బాగుచేయించాలని చట్టం తెమ్మంటుంది.

"హల్డా గారూ, మీ దేవుడు కరెంటు బిల్లులు కూడా చూస్తాడా?" అన్నాడు కమిటీ అధ్యక్షుడు, పక్కవాళ్ల వంక చూసి నవ్వుతూ.

"చూస్తాడు బాబూ. అవి కట్టలేక కోటుతోనే పడుకునేవాళ్లనీ చూస్తాడు."

ఆయన గడియారం చూసుకున్నాడు. చట్టం ఈ ఏడూ మూలపడింది. అందరూ లేచిపోయారు. హల్డా మాత్రం కళ్లు మూసుకుని కూర్చుంది. క్వేకర్ల ప్రార్థనలో పాటలుండవు, బోధకుడుండడు. లోపల మాట పుట్టేదాకా కదలకుండా కూర్చోవడమే. ఎంతసేపు కూర్చున్నా మాట పుట్టలేదు. కిటికీల్లేని ఆ గదిలో దీపాలు టక్కున ఆరిపోయాయి. సర్కారు భవనాల్లో మనిషి కదలిక లేని గదిలో దీపం వెలగకూడదన్న నియమం, ఇన్నేళ్లలో హల్డా వాళ్ల సంఘం సాధించుకున్నది అదొక్కటే.

కాపలావాడు తలుపు తీసి చీకట్లోకి తొంగి చూశాడు.

"లోపలెవరూ లేర్రా," అని ఎవరికో కేకేశాడు.

హల్డా కాదనలేదు.